అంచు పదును, నేల పదును

తెలుగులో పదును అనే మాటను రెండు చోట్ల వాడతాం. కత్తికీ కొడవలికీ ఉండేది ఒక పదును. వాన వెలిశాక, పిడికిట్లో పట్టుకుంటే ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయేలా నేలలో ఉండేది ఇంకో పదును. ‘పదునైంది, గుంటక తోలొచ్చు’ అని రైతు అనేది ఈ రెండోదాన్ని గురించే. చిన్న ట్రాక్టరు వెనక తగిలించుకునే బ్లేడు కథ అంతా ఈ రెండు పదునుల మధ్యే నడుస్తుంది.

బ్లేడు కొనేచోట ఎక్కువగా వినిపించే ప్రశ్నలు రెండు. కొనేవాళ్లు ‘ఎన్ని అడుగులదండీ?’ అంటారు. అమ్మేవాళ్లు ‘మీ బండి ఎన్ని హెచ్.పి.?’ అంటారు. రెండూ అడగాల్సినవే. కానీ మట్టి మీద ఆ బ్లేడు ఎలా నడుచుకుంటుందో తేల్చేవి వేరే ఉన్నాయి. బ్లేడు బరువెంత, ట్రాక్టరు బరువెంత, వెనక ఇరుసు నుంచి బ్లేడు అంచు ఎంత దూరం, ఆ పూట నేలలో తడి ఎంత అన్నవి. వీటిలో మొదటి రెండింటికీ తక్కెడ చాలు, మూడోదానికి టేపు చాలు. నాలుగోదానికి రైతు పిడికిలి కావాలి.

మన దగ్గర మినీ ట్రాక్టరు అనేది సుమారు 15 నుంచి 30 హెచ్.పి. లోపు బండి. బత్తాయి, మామిడి, దానిమ్మ తోటల్లో చెట్ల వరసల మధ్య దూరడానికీ, పత్తిలో అంతరకృషికీ వాడతారు. మహీంద్రా సంస్థ 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ఓజా అనే తేలిక ట్రాక్టర్లు తయారయ్యేది తెలంగాణలోని జహీరాబాద్‌లోనే. ఇలాంటి బండి వెనక కల్టివేటరో రోటావేటరో తగిలించుకున్నట్టే బ్లేడూ తగిలించుకోవచ్చు. తోటలో దారి సరిచేయడానికి, ఇంటి ముందు మొరం పరవడానికి, కాలువ గీయడానికి, పశువుల కొట్టం ముందు పేడ నెట్టడానికి అది పనికొస్తుంది. అమెరికా, కెనడాల్లో ఇంటి దారి మీద మంచు తోసేదీ దీనితోనే.

చూడటానికి ఇందులో పెద్ద సంగతేమీ కనిపించదు. కాస్త వంపు తిరిగిన ఉక్కు పలక, దాని అడుగున బోల్టులతో బిగించిన గట్టి ఉక్కు పట్టీ, పలకను పక్కకు తిప్పి పిన్ను పెట్టడానికి చిల్లులున్న పళ్లెం. మన గుంటకకూ అడ్డంగా ఇనుప పాస ఉంటుంది గానీ దాని పని వేరు. పాస నేల కిందికి దూరి కలుపు వేళ్లు కోసి, మట్టిని ఉన్నచోటే వదిలేస్తుంది. వెనక బ్లేడు మట్టిని కోయడమే కాదు, తీసుకుపోతుంది. తీసుకుపోవడం మొదలుపెట్టగానే లెక్కలన్నీ మారిపోతాయి.

ఈ లెక్కల్ని ఇంజను లేని రోజుల్లోనే బాగా పట్టుకున్న మనిషి డి. వార్డ్ కింగ్. అమెరికాలో మిజోరీ రాష్ట్రపు వాయవ్య మూల, మెయిట్‌ల్యాండ్ దగ్గరి రైతు. అప్పటికి అమెరికా రోడ్లలో అత్యధిక భాగం మట్టిరోడ్లే. వాన పడితే గుర్రపు బండ్ల చక్రాలు దిగబడి గాళ్లు పడేవి, ఎండాక ఆ గాళ్లే రాళ్లలా గట్టిపడేవి. 1896లో కింగ్ రెండు కొయ్యదుంగల్ని ఒకదాని వెనక ఒకటి కట్టి, గుర్రాలు పూన్చి, తన ఇంటి ముందు రోడ్డు మీద ఈడ్చి చూశాడు. రోడ్డు బాగుపడింది. తర్వాతి వానకు మళ్లీ ఈడ్చాడు. వాన తర్వాత వాన, ఏళ్ల తరబడి. చివరికి ఆ పద్ధతి ఎంత పేరు తెచ్చుకుందంటే అమెరికా వ్యవసాయ శాఖ 1908లో రైతుల కోసం వేసే బులెటిన్లలో 321వదాన్ని ఆయన చేతే రాయించింది.

కింగ్ పనిముట్టు ఇది. రెండు నుంచి రెండున్నర మీటర్ల పొడవున్న దుంగను నిలువునా రెండుగా చీల్చాలి. రెండు బద్దల్నీ చదును ముఖం ముందుకు ఉండేట్టు, ఒకదాని వెనక ఒకటి 75 సెంటీమీటర్ల ఎడంతో అడ్డకర్రలు వేసి బిగించాలి. గొలుసు ఒక పక్కకు జరిపి కట్టి, బద్దలు దారికి ఏటవాలుగా నడిచేలా లాగాలి. పైన పలక మీద మనిషి నిలబడతాడు. అంచు లోతుగా దిగాలంటే ఆ కొస వైపు అడుగేస్తాడు, మట్టి వదిలేయాలంటే వెనక్కి జరుగుతాడు. ఈనాటి లక్షల రూపాయల యంత్రాల్లో హైడ్రాలిక్ సిలిండర్లు చేసే పనిని ఆ మనిషి తన పాదాలతో చేశాడు.

కింగ్ గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. రోడ్డు ఎండిపోయాక ఈడ్చొద్దు, తడిగా ఉండి జిగురు వదులుతున్నప్పుడు ఈడ్చాలి. తడి బంకమట్టిని బాగా పిసికి, ఒత్తి, నునుపు చేస్తే అది ఎండాక గట్టిపడుతుంది, మళ్లీ నీళ్లు పీల్చుకోదు అని ఆయన గమనించాడు. ఇది చదివితే గోదావరి, కృష్ణా ఆయకట్టు రైతుకు వెంటనే గుర్తొచ్చేది దమ్ము. వరిమడిలో నీళ్లు పెట్టి దమ్ము చేసేది ఎందుకు? బంకమట్టి గడ్డలు చితికి, కంటికి కనిపించని పలకల్లాంటి రేణువులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, సందులు మూసుకుపోయి, నీరు కిందికి దిగకుండా మడిలోనే నిలవాలని. కింగ్ రోడ్డు పైపొరలోనూ అదే జరిగింది. మన రైతు నీరు కిందికి ఇంకకుండా మట్టిని మూస్తే, ఆయన నీరు పక్కకు జారిపోయేలా అదే మట్టిని మూశాడు. ఒకే మట్టి గుణాన్ని ఇద్దరు రైతులు రెండు పనులకు వాడుకున్న తీరు చూస్తే ఎంతో సంతోషం కలుగుతుంది.

గుర్రాల స్థానంలో ట్రాక్టరు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. మొదట్లో ట్రాక్టరు వెనక నాగలిని గొలుసుతోనో కడ్డీతోనో ఎడ్లకు కట్టినట్టే కట్టి లాగించేవాళ్లు. నాగలి ఏ వేరుకో రాయికో తగిలి ఆగిపోతే వెనక చక్రాలు తిరగలేవు, ఇంజను తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగకపోతే బండే ఇరుసు చుట్టూ తిరగబోతుంది. ముందు భాగం గాల్లోకి లేచి, ట్రాక్టరు వెల్లకిలా నడిపేవాడి మీద పడేది. 1917 నుంచి పెద్ద సంఖ్యలో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు ఈ చెడ్డపేరు ఉండేది.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు హ్యారీ ఫెర్గూసన్. ఐర్లండ్‌లోని డౌన్ కౌంటీలో 1884లో రైతు కుటుంబంలో పుట్టాడు. తానే కట్టుకున్న విమానంలో 1909 డిసెంబరు 31న ఎగిరి, ఐర్లండ్ నేల మీద విమానం నడిపిన మొదటివాడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజల కొరత వల్ల ట్రాక్టర్ల దున్నకం మెరుగుపరిచే పని ఆయనకు అప్పగించారు. ఆ పనిలోనే ఆయనకు తట్టింది, నాగలినీ ట్రాక్టరునూ విడివిడిగా చూడకూడదని. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ, మొత్తం మూడు చోట్ల నాగలిని ట్రాక్టరుకు కలిపాడు. ఇప్పుడు నాగలి రాయికి తగిలితే దాని పైభాగం ముందుకు తిరగబోతుంది, పైకడ్డీని ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడు ట్రాక్టరు ముందు భాగాన్ని నేలకు అదుముతుంది. ప్రమాదం తెచ్చే బలమే కాపలా బలమైంది.

1938లో ఫెర్గూసన్ హెన్రీ ఫోర్డ్‌ను కలిసి, కాగితం లేకుండా చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నాడు. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో ఈ మూడు బిందువుల లింకేజీ అమెరికా పొలాలకు చేరింది. ఫోర్డ్ మనవడి కాలంలో ఆ ఒప్పందం చెడి కోర్టుకెక్కింది. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. ఫెర్గూసన్ పేరు మాత్రం పొలాల్లోనే ఉండిపోయింది. చెన్నైలో 1960లో మొదలైన టాఫే సంస్థ తయారుచేసి మన పల్లెలకు పంపిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు బానెట్ మీద ఉన్నది ఆయన పేరే. ఇవాళ ఏ కంపెనీ బండి వెనక చూసినా కనిపించే రెండు చేతులూ, టాప్ లింకు అనే పైకడ్డీ ఆయన గీసిన బొమ్మే.

ఆ బొమ్మలో బ్లేడు కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఒక గుణం ఉంది. చాలా ట్రాక్టర్లలో వెనక హైడ్రాలిక్ పైకి ఎత్తగలదు, కిందికి అదమలేదు. లివరు దించితే చేతులు తమ బరువుతో, పనిముట్టు బరువుతో కిందికి జారతాయి, అంతే. నాగలికి ఇది ఇబ్బంది కాదు, ఎందుకంటే నాగలి కర్రు ఆకారమే దాన్ని నేలలోకి లాక్కుంటుంది. బ్లేడుకు ఆ సౌకర్యం తక్కువ. గట్టిగా ఎండిన నేల మీద బ్లేడు దించినప్పుడు దాన్ని లోపలికి నెట్టేది ముఖ్యంగా దాని సొంత బరువే.

లెక్క వేసి చూద్దాం. అయిదడుగుల బ్లేడు, అంటే 150 సెంటీమీటర్ల అంచు. మొత్తం బరువు 90 కిలోలైతే అంచు ఒక్కో సెంటీమీటరు మీద పడేది 600 గ్రాములు. అదే బ్లేడు 200 కిలోలైతే 1,300 గ్రాములు దాటుతుంది. మొదటిది పొడి మొరం మీద ఎగురుకుంటూ పోతుంది, రెండోది కొరుకుతుంది. పొడవు పెంచి బరువు పెంచకపోతే నష్టమే. ఆరడుగుల తేలిక బ్లేడు కంటే అయిదడుగుల బరువు బ్లేడు మేలు అని అనుభవజ్ఞులు అనడానికి కారణం ఈ భాగహారమే. పలక మందం చూసినా తెలిసిపోతుంది. 150 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల ఎత్తున్న ఉక్కు పలక 6 మిల్లీమీటర్ల మందంలో సుమారు 25 కిలోలు తూగుతుంది, 10 మిల్లీమీటర్లైతే 41 కిలోలు. మిగతా బరువంతా చట్రంలో, మధ్య ఇరుసులో, అంచు పట్టీలో ఉండాలి. ఉందో లేదో కొనేముందు తూకం వేయించి చూడటంలో మొహమాటం అక్కర్లేదు.

అలాగని బరువుకు హద్దు లేదనుకుంటే ఇంకో గొయ్యి. 900 కిలోల మినీ ట్రాక్టరు తీసుకుందాం. ముందు చక్రాల మీద 360 కిలోలు పడుతున్నాయనుకుందాం. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం ఒకటిన్నర మీటరు. 200 కిలోల బ్లేడును వెనక ఇరుసుకు 1.3 మీటర్ల అవతల ఎత్తి పట్టుకుంటే, త్రాసులో వెనక పళ్లెం బరువెక్కినట్టు, ముందు చక్రాల మీద నుంచి 173 కిలోలు తగ్గిపోతాయి. మిగిలేది 187. ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలని ట్రాక్టరు కంపెనీలు చెప్పే లెక్కకు ఇది అంచు మీద ఉంది. గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు తేలికైపోతే అర్థం ఇదే. ముందు బంపరుకు ఇనుప దిమ్మలు తగిలించుకోవాలి, లేదా బ్లేడు కొంచెం తేలికది చూసుకోవాలి.

ఇక హెచ్.పి. సంగతి. మట్టిని నెట్టేటప్పుడు అది ఎంత ఎదురొత్తిడి ఇస్తుందో మొదట లెక్క కట్టినవాళ్లలో ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్ ఉన్నాడు. విద్యుత్తు పాఠంలో వచ్చే కూలుంబే. కోట గోడలకు మట్టి ఒత్తిడి గురించి ఆయన రాసిన పత్రం 1776లో అచ్చయింది. మట్టి బలం రెండు రకాలని ఆయన చూపాడు. ఒకటి రేణువుల మధ్య రాపిడి, ఇంకొకటి వాటిని అంటిపెట్టి ఉంచే బిగువు. ఇసుకలో రాపిడే ఉంటుంది, బిగువు ఉండదు. ఎండిన నల్లరేగడిలో బిగువు విపరీతం. లోతు రెట్టింపు చేస్తే బిగువు వల్ల వచ్చే ఎదురు రెట్టింపవుతుంది, రాపిడి వల్ల వచ్చే ఎదురు నాలుగింతలవుతుంది. ఒక్కసారిగా లోతుగా దించేవాళ్లకంటే పలచగా నాలుగుసార్లు తోలేవాళ్లు డీజిలు పొదుపు చేయడానికి కారణాల్లో ఇదొకటి.

దీనికి తోడు ముందు పేరుకునే మట్టి. 40 సెంటీమీటర్ల ఎత్తు బ్లేడు ముందు వదులు మట్టి కుప్ప నిండితే పావు టన్ను దాటుతుంది, దాన్ని నేల మీద ఈడ్చడానికే సుమారు 160 కిలోల లాగుడు కావాలి. మరి 900 కిలోల ట్రాక్టరు, నాలుగు చక్రాలూ తిప్పేదైనా, గట్టి నేల మీద తన బరువులో సుమారు సగం మాత్రమే లాగగలదు. అంటే 450 కిలోలు. అంతకు మించితే చక్రాలు నిలుచున్నచోటే తిరుగుతాయి. సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే మనిషి మెల్లగా నడిచే వేగంతో, 450 కిలోలు లాగడానికి కావాల్సిన శక్తి ఆరు హెచ్.పి. మాత్రమే. ఇరవై, ఇరవై నాలుగు హెచ్.పి. ఇంజను అందులో చాలా భాగం వాడకుండానే ఆగిపోతోంది. టైర్లలో నీళ్లు నింపి, వెనక దిమ్మలు వేసి వంద కిలోలు పెంచితే వచ్చే లాభం, అయిదు హెచ్.పి. ఎక్కువున్న బండి కొన్నా రాదు. బ్లేడు పనిలో ట్రాక్టరు బలం దాని బరువులోనే ఉంది.

వెడల్పు లెక్క సులువు. బ్లేడును ఎప్పుడూ అడ్డంగా నిలిపి వాడరు, ఏటవాలుగా తిప్పితేనే మట్టి ఒక పక్కకు దొర్లుకుంటూ పోతుంది. 150 సెంటీమీటర్ల బ్లేడు 30 డిగ్రీలు తిప్పితే 130 సెంటీమీటర్ల దారినే కప్పుతుంది. 45 డిగ్రీలు తిప్పితే 106కి పడిపోతుంది. వెనక చక్రాల బయటి అంచుల మధ్య 120 సెంటీమీటర్లున్న బండికి ఇది 30 డిగ్రీల దాకా సరిపోతుంది, 45లో చక్రాల జాడ బయట మిగిలిపోతుంది. బ్లేడును మధ్య నుంచి పక్కకు జరుపుకునే వీలుంటే ఈ చిక్కు తీరుతుంది. గోడ పక్కన, గట్టు వారన పనిచేయాల్సినవాళ్లకు ఆ వీలు తప్పనిసరి.

దుకాణంలో కనబడని గుణం ఒకటుంది, అది పొలంలోనే బయటపడుతుంది. ట్రాక్టరు ముందు చక్రాలు అయిదు సెంటీమీటర్ల మిట్ట ఎక్కాయనుకుందాం. బండి వెనక ఇరుసు మీద తూగుటూయలలా వెనక్కి వాలుతుంది. వెనకున్న బ్లేడు నాలుగు సెంటీమీటర్ల పైన కిందికి దిగి గొయ్యి తవ్వుతుంది. ముందు చక్రాలు మిట్ట దిగగానే బ్లేడు పైకి లేచి అక్కడ మట్టి వదిలేస్తుంది. ఇప్పుడు ఒక మిట్ట బదులు ఒక గొయ్యి, ఒక కుప్ప తయారయ్యాయి. ఇంకో రౌండు వస్తే ఆ రెండింటినీ ముందు చక్రాలు ఎక్కి దిగి ఇంకా పెంచుతాయి. కొత్తగా బ్లేడు పట్టినవాళ్లు పొద్దంతా తోలినా దారి అలలు అలలుగా మిగలడానికి మొదటి కారణం ఇది, వాళ్ల చేతకానితనం కాదు. రోడ్లు వేసే పెద్ద గ్రేడరులో బ్లేడును ముందు వెనక చక్రాల నడుమ, పొడవాటి చట్రం మధ్యలో వేలాడదీసేది ఇందుకే. అక్కడ చక్రం అయిదు సెంటీమీటర్లు ఎక్కితే బ్లేడు సుమారు సగమే కదులుతుంది.

రెండో కారణం వేగం. మట్టిరోడ్ల మీద రేకుల కప్పులా వరసగా పడే అలల్ని భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పుట్టించారు. నికొలా తబెర్లె, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెకెల్వేన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో గుండ్రంగా తిరిగే ఇసుక బల్ల మీద ఒక చక్రాన్ని దొర్లనిచ్చారు. వేగం ఒక హద్దు దాటేదాకా ఇసుక చదునుగా ఉంది, దాటగానే అలలు లేచాయి. బండికి స్ప్రింగులు లేకపోయినా, రేణువుల పరిమాణం మార్చినా అలలు వచ్చాయి. 2009లో ఆన్ ఫ్లోరెన్స్ బిట్‌బోల్ కూడా కలిసి, చక్రం బదులు వాలుగా పట్టిన పలకను ఈడ్చి చూశారు. పలక కిందా అలలు లేచాయి. అంటే దారి చదును చేయడానికి తెచ్చిన బ్లేడే, వేగం మించితే, దారిని అలలు చేయగలదు. అమెరికాలో 2000లో వచ్చిన మొరం రోడ్ల నిర్వహణ పుస్తకం గంటకు 5 నుంచి 8 కిలోమీటర్లు మించవద్దంటుంది. మినీ ట్రాక్టరు మీద అంతకన్నా తగ్గిస్తే ఇంకా మంచిది.

ఈ తూగుటూయల గొడవకు కింగ్ దుంగల్లోనే జవాబుంది. ముందు బద్ద మిట్టను కోసి ఈడ్చుకొస్తే, 75 సెంటీమీటర్ల వెనకున్న రెండో బద్ద అది వదిలిన చోట సరిచేస్తుంది. రెండు అంచులూ కలిసి నేల మీద ఆనుకుంటాయి కాబట్టి మిట్టల పల్లాల సగటును అనుసరిస్తాయి. ఇప్పుడు అమ్ముతున్న రెండంచుల గ్రేడింగ్ స్క్రేపర్లలో పక్క పట్టీలు నేల మీద జారుతుంటే మధ్యలో రెండు అంచులు కోస్తుంటాయి. దారి నున్నగా ఉంచడం ఒక్కటే పనైతే దీన్ని కొనడమే తెలివి. ఒక చోట మట్టి తవ్వి ఇంకో చోటికి మోసుకెళ్లాలంటే పక్క గోడలూ, నేల చీల్చే పళ్లూ ఉన్న బాక్స్ బ్లేడు కావాలి. కాలువ గీయడం, మొరం పక్కకు దొర్లించడం, పేడ నెట్టడం ఉన్నవాళ్లకు వెనక బ్లేడుకు సాటి లేదు. మూడూ ఒకే పనిముట్టులో దొరుకుతాయని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

వెనక బ్లేడు అసలు గొప్పదనం దాని వాలులో ఉంది. పలక ఒక కొస దించి ఇంకో కొస ఎత్తగలిగితే డొంకకు నడుమ ఉబ్బు తీసుకురావచ్చు. మొరం దారికి నడుమ నుంచి పక్కలకు 4 శాతం వాలు ఉండాలంటారు. మూడు మీటర్ల డొంకలో సగం ఒకటిన్నర మీటరు, దాని మీద ఆరు సెంటీమీటర్ల వాలు. ఆ ఆరు సెంటీమీటర్లుంటే వాననీరు దారి మీద నిలవకుండా పక్క కాలువలోకి పోతుంది. లేకపోతే చక్రాల జాడే కాలువై, దారి బురద గుంటవుతుంది. మొరం ట్రాక్టర్లకు ట్రాక్టర్లు తోలించి చదునుగా పరిచి వదిలేసిన దారి ఒక్క వానాకాలంలో పోవడం ఎన్ని ఊళ్లలో చూడలేదు! డబ్బు పెట్టి కొన్న మొరం కంటే ఆ ఆరు సెంటీమీటర్లే దారిని కాపాడతాయి. వాలు మార్చే వీలు లేని బ్లేడు ఎంత చవగ్గా వచ్చినా దారి పనికి తీసుకోవద్దు. ట్రాక్టరు కుడి లిఫ్ట్ కడ్డీకి ఉండే మర తిప్పి కొంత వాలు తెచ్చుకోవచ్చు గానీ, కాలువ గీయడానికి అది చాలదు.

టాప్ లింకు గురించి రెండు మాటలు. దాన్ని పొడవు చేస్తే పలక పైభాగం వెనక్కి వాలి అంచు ముందుకు చొచ్చుకుంటుంది, లోతుగా కోస్తుంది. పొట్టి చేస్తే పలక ముందుకు వాలి పైపైన గీరుతూ పోతుంది. ఒకటి రెండు చుట్లతోనే తేడా తెలుస్తుంది. డ్రాఫ్ట్ లివరు, పొజిషన్ లివరు రెండూ ఉన్న బండిలో బ్లేడు పనికి పొజిషన్ లివరే వాడాలి. డ్రాఫ్ట్ అనేది బరువు పెరగగానే పనిముట్టును తనంతట తాను ఎత్తే ఏర్పాటు. నాగలికి ఎంతో మేలు చేసే ఆ ఏర్పాటు, బ్లేడు ముందు మట్టి పేరుకోగానే దాన్ని ఎత్తేసి కుప్ప వదిలేలా చేస్తుంది.

బ్లేడు దగ్గర నిలబడి చూడాల్సినవి కొన్నే. పిన్నులు బండికి సరిపోవాలి. మినీ ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే కేటగిరీ 1 లింకేజీలో టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు, కింది చేతుల పిన్నులు 22 మిల్లీమీటర్లు. పలకను పట్టుకుని ఊపితే మధ్య ఇరుసు దగ్గర ఆట ఎక్కువ ఉండకూడదు, ఎందుకంటే ఏటవాలుగా తిప్పిన బ్లేడు మీద పక్క ఒత్తిడంతా అక్కడే పడుతుంది. ఇదే ఒత్తిడి ట్రాక్టరు చేతుల్నీ పక్కకు లాగుతుంది కాబట్టి వాటిని ఆపే చెక్ చైన్లు బిగించాకే పని మొదలుపెట్టాలి. అంచు పట్టీ విప్పి తిరగేసి బిగించుకునేదై ఉండాలి. కింది వైపు అరిగాక పై వైపు వాడుకోవచ్చు. పట్టీని పలకకు వెల్డింగ్ చేసి అమ్మే బ్లేడుకు ఆ రెండో జీవితం లేదు.

మరి వరిమడి? ఎకరంలో ఒక సెంటీమీటరు నీరు నిలపాలంటే సుమారు 40 వేల లీటర్లు కావాలి. ఒక గట్టు నుంచి అవతలి గట్టుకు పది సెంటీమీటర్లు సమంగా వాలిన ఎకరం మడిలో, మిట్ట అంచు తడవాలంటేనే రెండు లక్షల లీటర్లు పెట్టాలి. బోరు కింద సేద్యంలో అది కరెంటు, అది భూగర్భ జలం. మడిని ఇంత ఖచ్చితంగా చదును చేయడం వెనక బ్లేడు వల్ల కాదు, కారణం పైన చెప్పిన తూగుటూయలే. లేజరు లెవెలరులో మట్టి బకెట్టుకు సొంత చక్రాలుంటాయి. గట్టు మీద తిరిగే లేజరు కిరణాన్ని బకెట్టు మీది స్తంభం అందుకుని, తన ఎత్తును తానే దిద్దుకుంటుంది, ట్రాక్టరు ఎగిరినా పడినా దానికి పట్టదు. కానీ దానికి మినీ ట్రాక్టరు చాలదు, పెద్ద బండి కావాలి, సాధారణంగా అద్దెకే తెచ్చుకుంటారు. చిన్న కయ్యల్లో మాత్రం పాత పద్ధతే ఇంకా నడుస్తోంది. పలచగా నీళ్లు పెట్టి, నీటిపైకి తేలిన మిట్టలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, మడి ఆరి పదునుకు వచ్చాక వాటి మీద బ్లేడు పలచగా తోలి పల్లానికి దొర్లించడం. మేస్త్రీ చేతిలోని రసమట్టం పని అక్కడ మడి నీరే చేస్తుంది.

ఆ పదును ఎప్పుడో తేల్చేందుకు పనికొచ్చే ఒక పరీక్షను స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బెర్గ్ 1911లో రూపొందించాడు. తడి మట్టిని తీగలా చుట్టాలి. తర్వాతివాళ్లు దానికి మూడు మిల్లీమీటర్ల కొలత పెట్టారు. అంత సన్నంగా చుట్టేసరికి తీగ విరగడం మొదలైతే మట్టి మెత్తదనం హద్దు దగ్గరుందని అర్థం. అంతకన్నా ఎక్కువ తడి ఉంటే బ్లేడుకు అంటుకుంటుంది, బాగా తక్కువ ఉంటే పెళ్లలుగా లేస్తుంది. ఎర్రనేలలో ఈ స్థితి వాన వెలిశాక తొందరగా వచ్చి తొందరగా పోతుంది. నల్లరేగడిలో నీరు పట్టి ఉంచే బంక ఎక్కువ కాబట్టి ఆలస్యంగా వస్తుంది, వచ్చాక ఎండ కాస్తే పగుళ్లు తీయడం మొదలుపెడుతుంది. ఒకే ఊళ్లో రెండు రకాల చేలున్న రైతు బ్లేడు తగిలించుకుని ముందు ఎర్రచేను డొంకకు వెళ్తాడు, రేగడి దారికి వెళ్లే ముందు ఇంకోసారి వంగి పిడికెడు మట్టి తీసి నలిపి చూస్తాడు.